"కౌన్సెలింగ్ ఇచ్చాం, అయినా వినడం లేదు"

పేపర్లో జిల్లా పేజీలు తిరగేస్తుంటే తరచూ కనిపించే వార్త ఇది: మందు తాగి బండి నడిపినవాళ్లకు పోలీసులు కౌన్సెలింగ్ ఇచ్చారు. ఇంకో రోజు రౌడీషీటర్లకు కౌన్సెలింగ్ ఇచ్చారు. ఫొటోలో ఒక అధికారి వేలు చూపిస్తూ మాట్లాడుతుంటాడు, ఎదురుగా వరసలో నిలబడ్డవాళ్లు తలలు దించుకుని ఉంటారు. కౌన్సెలింగ్ అంటే మన జనానికి బాగా తెలిసిన అర్థం అదే. రెండో అర్థం ఇంజనీరింగ్ సీట్ల కౌన్సెలింగ్. అక్కడా ఆప్షన్లు పెట్టుకున్నా, చివరికి ర్యాంకును బట్టి దొరికింది తీసుకోవడమే.

కాబట్టి ఒక మనిషిని ఇంట్లోవాళ్లు "కౌన్సెలింగ్‌కి పద" అని లాక్కొచ్చి సోషల్ వర్కర్‌నైన నా ముందు కూర్చోబెడితే, ఆయన దేనికి సిద్ధపడి వస్తాడో ఊహించడం కష్టం కాదు. తిట్లు తినడానికి వస్తాడు. తిట్లకు సిద్ధపడ్డవాడు నోరు కట్టుకుంటాడు, లేదా ఎదురు తిరుగుతాడు, లేదా మనం ఏమంటే దానికి తలూపేసి బయటపడాలని చూస్తాడు. ఈ మూడింటినీ కలిపి సోషల్ వర్క్ క్లాసులో మాకు 'రెసిస్టెన్స్' అని నేర్పారు. తెలుగులో ప్రతిఘటన అని రాస్తారు. స్టాఫ్ రూమ్‌లో మేం అనేది మాత్రం "మొండికేశాడు" అనే.

ఒక కేసు చెప్తాను. మనిషిని గుర్తుపట్టే వివరాలు మార్చాను. యాభై దాటిన సెంట్రింగ్ మేస్త్రీ. ఆయన్ను భార్య, బావమరిది కలిసి మా సెంటర్‌కి తీసుకొచ్చారు. మూడు కుర్చీలు వేస్తే మధ్య కుర్చీలో బావమరిది కూర్చున్నాడు. నేను ఏమీ అడగకముందే మొదలుపెట్టాడు: ఎన్నేళ్ల నుంచి తాగుతున్నాడు, ఎక్కడెక్కడ అప్పులు చేశాడు, ఎవరి పెళ్లిలో ఎలా పడిపోయాడు. భార్య కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. మేస్త్రీ గోడ మీది కేలండర్ చూస్తున్నాడు. నేను ఆయన వైపు తిరిగి, "ఏమండీ, వీళ్లు చెప్పేది నిజమేనా?" అన్నాను.

"ఒళ్లునొప్పులకి ఎప్పుడన్నా ఒక క్వార్టర్ వేస్తాం మేడం. కాయకష్టం చేసేవాళ్లం కదా."

అప్పుడు నేను లివర్ గురించి చెప్పాను. పిల్లల గురించి చెప్పాను. రంగు బొమ్మల చార్టు తీసి చూపించాను. పావుగంట పట్టింది. చివర్లో ఆయన "సరే మేడం, రేపట్నుంచి ముట్టను" అన్నాడు. "పిల్లల మీద ఒట్టెయ్ బావా" అన్నాడు బావమరిది. ఒట్టు కూడా అయింది. నేను కేసు షీట్‌లో 'మోటివేటెడ్' (మారాలనే కోరిక ఉంది) అని రాసుకున్నాను. వారం తర్వాత భార్య ఒక్కతే వచ్చింది. మోటివేటెడ్ కొట్టేసి 'సహకరించడం లేదు' అని రాశాను.

తప్పు ఆ షీట్‌లోనే ఉంది. అది నాకు అర్థం కావడానికి మూడో విజిట్ దాకా పట్టింది.

మొండితనం ఎవరిది?

ప్రతిఘటన అన్న మాట మా వృత్తిలోకి మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ దగ్గర్నుంచి వచ్చింది. లోపల దాగిన బాధాకరమైన విషయం బయటికి రాకుండా రోగి మనసే అడ్డుపడుతుందని ఆయన భావన. అమెరికాలో సోషల్ కేస్‌వర్క్, అంటే ఒక్కో మనిషితో విడిగా చేసే సోషల్ వర్క్, రూపుదిద్దుకునే రోజుల్లో ఆ ఆలోచన దాంట్లో బాగా ఇంకిపోయింది. దాంతో పాటు ఒక సౌకర్యం కూడా వచ్చింది. అడ్డు ఎప్పుడూ అవతలి మనిషిలోనే ఉంటుంది. మనం చెప్పింది సరైనదే, వాళ్లే వినలేదు.

ఈ సౌకర్యాన్ని కదిలించినవాళ్లు కొందరున్నారు. 1966లో జాక్ బ్రెమ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక మామూలు సంగతికి సిద్ధాంత రూపం ఇచ్చాడు: మనిషికి ఉన్న స్వేచ్ఛ మీద ఎవరైనా చెయ్యేస్తున్నారనిపిస్తే, ఆ స్వేచ్ఛను నిలబెట్టుకోవడానికే వద్దన్న పని మీద మనసు మరింత లాగుతుంది. దీనికి పరిశోధన కావాలా అని మా అమ్మమ్మ అడిగేది. టీనేజ్ పిల్లలున్న ఏ ఇంట్లోనైనా ఇది రోజూ కనిపించేదే. కానీ ఇది తాగేవాడి జబ్బు లక్షణం కాదని, ఎవరికైనా అంతేనని తేలడం ముఖ్యం.

1984లో స్టీవ్ డి షేజర్ అనే ఫ్యామిలీ థెరపిస్టు ఇంకా ముందుకు వెళ్లి, ప్రతిఘటన అనే భావన చచ్చిపోయిందని వ్యాసమే రాశాడు. క్లయింట్లు సహకరిస్తూనే ఉంటారు, వాళ్ల పద్ధతిలో సహకరిస్తారు, ఆ పద్ధతేమిటో కనిపెట్టడం మన పని అన్నది ఆయన వాదన. మరుసటి ఏడాది అమెరికాలోని ఓరెగాన్‌లో ప్యాటర్సన్, ఫోర్గాచ్ అనే ఇద్దరు పరిశోధకులు కుటుంబాలతో జరిగే సెషన్లను మాట మాటా గమనించారు. థెరపిస్టు పాఠం చెప్పడం, నిలదీయడం మొదలుపెట్టగానే తల్లుల వైపు నుంచి ఎదురుమాటలు పెరిగాయి. అదే థెరపిస్టు వింటూ ఆసరాగా మాట్లాడితే తగ్గాయి. కుళాయి తిప్పినట్టు. అంటే మొండితనం తల్లిలో స్థిరంగా ఉండే గుణం కాదు, ఆ గదిలో ఆ నిమిషంలో ఇద్దరి మధ్య పుట్టేది.

నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది 1993లో మనస్తత్వ శాస్త్రవేత్త విలియం మిల్లర్, ఆయన సహచరులు ప్రచురించిన ఫలితం. తాగుడు సమస్య ఉన్నవాళ్లను కౌన్సెలర్ ఎంత ఎక్కువగా నిలదీస్తే, ఏడాది తర్వాత వాళ్లు అంత ఎక్కువగా తాగుతున్నట్టు తేలింది. ఇది చదివాక నా బొమ్మల చార్టు గుర్తొచ్చింది. మిల్లర్ 1983 నుంచే వేరే దారి చెబుతున్నాడు. మారాల్సిన కారణాలను మనం చెప్పకూడదు, అవతలి మనిషి నోట రావాలి అని. మరో మనస్తత్వ శాస్త్రవేత్త స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి దాన్నే మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అనే పద్ధతిగా పెంచాడు. 2013కి వచ్చేసరికి ఈ ఇద్దరూ ప్రతిఘటన అన్న మాటనే పక్కన పెట్టేశారు. దాని కింద రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయని, వాటిని విడదీయకపోతే పని జరగదని చెప్పారు.

మొదటిది, ఉన్నచోటే ఉండిపోవడానికి మనిషి చెప్పే మాట. "తాగకపోతే నిద్ర పట్టదు మేడం." "సైట్లో అందరూ వేస్తారు, నేనొక్కణ్ణే ఎలా కూర్చోను?" ఇవి అబద్ధాలు కావు, సాకులు కూడా కావు. తాగుడు ఆయనకు ఏమిస్తోందో ఆయనే చెబుతున్నాడు. మానాలని, మానకూడదని ఒకే మనిషిలో రెండూ ఉంటాయి. మనం 'మానాలి' పక్షాన నిలబడి వాదిస్తే, ఆయనకు మిగిలేది రెండో పక్షమే. తన తరఫున తనే వకీలు అవుతాడు. వాదిస్తూ వాదిస్తూ దాన్ని తనే నమ్ముతాడు.

రెండోది, మనతో చెడింది అని చెప్పే మాట. "మీరెప్పుడైనా సెంట్రింగ్ పని చేశారా? మీకేం తెలుసు?" ఇక్కడ విషయం తాగుడు కాదు, నేను. దీనికి లివర్ గురించి ఎంత చెప్పినా లాభం లేదు. "నిజమే, ఆ పని నాకు తెలీదు. మీరు చెప్పండి, పొద్దున్నే ఎన్నింటికి మొదలవుతుంది?" అని వెనక్కి తగ్గాలి. మొదటిదానికి రెండోదాని మందు వేసినా, రెండోదానికి మొదటిదాని మందు వేసినా కేసు చేజారిపోతుంది.

'సరే' అనే మొండితనం

విదేశీ పాఠ్యపుస్తకాల ఉదాహరణల్లో క్లయింటు వాదిస్తాడు, లేచి వెళ్లిపోతాడు. మన దగ్గర వాదించేవాళ్లు తక్కువ. మన దగ్గర పెద్ద ప్రతిఘటన 'సరే' అన్న మాటే. "అలాగేనండి." "మీరు చెప్పాక ఇంకేముంది సార్." సర్కారు ఆఫీసులో, ఆసుపత్రిలో, టేబుల్ అవతల కుర్చీలో ఉన్నవాళ్లకు ఎదురు చెప్తే ఏమవుతుందో పేదవాడికి అనుభవం ఉంది. పింఛను కాగితం ఆగుతుంది, రేషన్ కార్డులో పేరు పోతుంది, లేదా ఊరికే మాట పడాల్సి వస్తుంది. అందుకని 'కాదు' అన్నదాన్ని 'సరే'లో చుట్టి ఇస్తారు. మనం దాన్ని ఒప్పుకోలు అనుకుని షీట్‌లో టిక్ పెట్టుకుంటాం. ఒట్టు వేయించడం దీనికి ఇంకో మెట్టు పైన. ఒట్టు తప్పాక ఆ మనిషికి తాగుడుతో పాటు పిల్లలకు చెడు జరుగుతుందేమో అన్న భయం, మళ్లీ మన ముఖం చూడలేని సిగ్గు తోడవుతాయి. రెండో విజిట్‌కి రాకపోవడానికి ఆ ఒట్టే కారణం కావచ్చు.

'సరే' ఎంత త్వరగా వస్తే అంత అనుమానించాలి. నేనిప్పుడు అడిగే ప్రశ్న ఒకటుంది: "మీరు సరే అన్నారు గానీ, ఇది కుదరదని మీకు అనిపించే సంగతి ఒకటైనా ఉంటుంది. అదేంటి?" కాదనడానికి మనమే తలుపు తీసిపెట్టాలి. మొదట నమ్మరు. రెండోసారి అడిగితే కొంచెం నవ్వుతారు. ఆ నవ్వు దగ్గర్నుంచి అసలు మాటలు వస్తాయి.

పిలుపు కూడా చిన్న విషయం కాదు. స్టేషన్లో, ఆసుపత్రిలో చాలాసార్లు 'నువ్వు', 'ఏయ్' దగ్గరే సంభాషణ ముగిసిపోతుంది. నేను మేస్త్రీని "ఏమండీ" అన్నాను గానీ, మాట్లాడింది మాత్రం స్కూలు పిల్లాడితో మాట్లాడినట్టు. "మేస్త్రీ గారూ" అని పిలవడం మూడో విజిట్‌కి గానీ తట్టలేదు.

ఆ మూడో విజిట్‌లో చేసిన రెండో పని, బావమరిదిని బయట కూర్చోమనడం. "అన్నా, మీరు కాసేపు టీ తాగి రండి, నేను వీరితో విడిగా మాట్లాడాలి" అన్నాను. ఆయనకు నచ్చలేదు. వెళ్లాడు. తలుపు మూసుకున్నాక మేస్త్రీ కేలండర్ మీంచి చూపు తిప్పి, చాలా మామూలుగా చెప్పాడు: "నేను తాగుబోతునని ఇక్కడ ఒప్పుకుంటే, ఇల్లు మా ఆవిడ పేర రాయించుకుంటారు మేడం. మా బావమరిది పెద్దమనుషుల దగ్గర ఆ మాటే పెట్టాడు."

నేను చార్టు చూపించిన రోజు ఆయన ముందున్న ప్రశ్న లివర్ కాదు, ఇల్లు. 'ఒక క్వార్టర్' అన్నది కోర్టులో సాక్ష్యం చెప్పినట్టు ఆచితూచి చెప్పిన మాట. ఇక్కడ ఏం రాసుకుంటారో, అది ఎవరు చదువుతారో తెలియని చోట ఏ తెలివైన మనిషైనా అదే చెప్తాడు. ఆ రోజు ఆయనకు చెప్పాల్సిన మొదటి వాక్యం ఇది: "మీరు చెప్పేది మీ అనుమతి లేకుండా మీ ఇంట్లోవాళ్లకు చెప్పను, ప్రాణం మీదికి వచ్చే సంగతైతే మాత్రం చెప్పాల్సి వస్తుంది." ఫారంలో ఉన్న ఈ లైను మీద సంతకం పెట్టించాను. నోటితో చెప్పలేదు.

తర్వాత అడిగాను: "సున్నా నుంచి పది లెక్కేస్తే, మానడం మీకు ఎంత ముఖ్యం?" మూడు అన్నాడు. ఇక్కడ మనసు "అంత తక్కువా?" అని అడగమంటుంది. అలా అడిగితే ఎందుకు తక్కువో చెప్తాడు, మళ్లీ వకీలు అవుతాడు. "సున్నా ఎందుకు కాదు?" అని అడగాలి. ఆయన కాసేపు ఆగి, కుడి చెయ్యి టేబుల్ మీద పెట్టాడు. వేళ్లు సన్నగా వణుకుతున్నాయి. "పొద్దున్నే లెవెల్ ట్యూబు పట్టుకుంటే గుర్తు దగ్గర చెయ్యి నిలవడం లేదు మేడం. మొన్న కుర్రాళ్లు నవ్వారు." ముప్పయ్యేళ్లు స్లాబులు పోసిన మనిషి. నేను చెప్పిన ఏ కారణానికీ లేని బరువు దీనికి ఉంది.

ఇంకోటి కూడా అడిగాను: ఈ మధ్య ఏళ్లలో తాగకుండా ఉన్న రోజులున్నాయా? డి షేజర్ బృందం మినహాయింపులు, అంటే సమస్య లేని రోజులు, వెతకమనేది ఇందుకే. మన దగ్గర ఈ ప్రశ్నకు తరచూ ఒకే జవాబు వస్తుంది: మాల వేసుకున్నప్పుడు. అయ్యప్ప దీక్షలో నలభై ఒక్క రోజులు చుక్క ముట్టకుండా ఉన్నవాళ్లు మా దగ్గర ఎందరో. ఇంట్లోవాళ్లు దీన్ని ఎదురు సాక్ష్యంగా వాడతారు, "అప్పుడుంటావు, ఇప్పుడెందుకు ఉండవు?" అని. అదే మాటను నిజంగా తెలుసుకోవాలని అడిగితే జవాబు మారుతుంది. మేస్త్రీ చెప్పింది: తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, సాయంత్రం పూజకి వెళ్లడం, అంటే క్వార్టర్ వేసే టైముకి వేరే పని ఉండటం. "ఇంకా, అన్ని రోజులూ ఊళ్లో అందరూ 'స్వామీ' అనేవాళ్లు మేడం. ఎవరూ తాగుబోతు అనలేదు."

ఒక జాగ్రత్త ఇక్కడే చెప్పాలి. ఏళ్ల తరబడి రోజూ గట్టిగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజులకు మతి తప్పి లేనివి కనిపించవచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. పొద్దున్నే చెయ్యి వణకడం దానికి ముందే మోగే హెచ్చరిక గంట లాంటిది. కాబట్టి ఆయన్ను ముందు డాక్టరు దగ్గరికే పంపాను. అలాగే, తెలియకుండా కూరలోనో సాంబారులోనో డైసల్ఫిరామ్ (తాగుడు మాన్పించడానికి డాక్టర్లు రాసే మందు) బిళ్లలు కలిపి పెట్టమనే సలహా ఇంకా తిరుగుతూనే ఉంది. అది కడుపులో ఉండగా తాగితే బీపీ పడిపోయి మనిషికే ముప్పు. బయటపడితే ఇంటి అన్నం మీద కూడా నమ్మకం పోతుంది. ఆ మనిషిని రేపు ఏ సోషల్ వర్కరూ మాట్లాడించలేరు.

కాదనడమే సరైన లెక్క అయినప్పుడు

ఇప్పటిదాకా చెప్పింది మారాలా వద్దా అని ఊగిసలాడే మనిషి గురించి. ఊగిసలాట లేకుండా, బాగా లెక్క చూసుకుని కాదనేవాళ్లు కూడా ఉంటారు. వాళ్లను మొండివాళ్లు అనడం మరీ అన్యాయం.

భర్త కొడుతున్నాడని వచ్చిన ఆవిడ, "కేసొద్దు మేడం, పిలిచి కొంచెం భయపెట్టండి చాలు" అంటుంది. కొత్తగా చేరిన సోషల్ వర్కర్లకు కోపం వస్తుంది. "మరి ఎందుకొచ్చావమ్మా?" అనేస్తారు. ఆవిడ ఎదురుగా కూర్చుని ఏం లెక్క వేస్తోందో చూడండి. వెళ్లిపోతే అద్దె ఎవరు కడతారు? పుట్టింట్లో అమ్మ "సర్దుకుపో" అనే అంటుంది. పిల్లల స్కూలు మధ్యలో ఆగుతుంది. అన్నిటికన్నా, వెళ్లబోతున్నానని తెలిసిన వారంలోనే అతను ఎక్కువ ప్రమాదకరంగా మారతాడని ఆవిడకు తెలుసు. హింస నుంచి బయటపడే సమయంలోనే ముప్పు పెరుగుతుందని ఈ రంగంలో పనిచేసేవాళ్లంతా చెప్పేదీ ఇదే. ఆవిడ మన సలహాకు అడ్డుపడటం లేదు, మన సలహాలో లేని భాగాన్ని చూస్తోంది.

అలాంటప్పుడు ఒప్పించడం కన్నా ఉపయోగపడేది సమాచారం. 2005 గృహహింస చట్టం కింద కాపురం ఉన్న ఇంట్లోనే ఉండే హక్కు అడగవచ్చని, కొట్టకుండా రక్షణ ఉత్తర్వు, ఖర్చులకు డబ్బు కోరవచ్చని, భర్తను జైలుకు పంపడం ఒక్కటే దారి కాదని చాలామందికి తెలియదు. 'కేసు' అంటే వాళ్లకు తెలిసింది స్టేషన్ మాత్రమే. ఆ చట్టం కింద బాధితురాలికి సాయపడే రక్షణ అధికారి ఏం చేస్తారో, మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే ఏమవుతుందో చెప్పి, ఇప్పుడు నిర్ణయించుకోనక్కర్లేదని చెప్పి, నంబరు ఏ పేరుతో ఫోన్లో సేవ్ చేసుకుంటే ఇంట్లో అనుమానం రాదో కూర్చుని ఆలోచించడం, ఆ రోజుకి చేయగలిగిన పని.

టీబీ కేసుల్లోనూ ఇలాంటిదే చూశాను. ఆరు నెలల కోర్సులో రెండో నెలకే ఆపేశాడని ఒకతని పేరు మొండివాళ్ల లిస్టులో ఉంది. మాట్లాడితే తేలింది, బిళ్లలతో పేచీ లేదు. ఆశా వర్కర్ చీరలో ఇంటి ముందు నిలబడితే వీధంతా చూస్తోంది, ఇంట్లో పెళ్లి కావాల్సిన చెల్లెలుంది. బిళ్లలు ఇచ్చే చోటు మారిస్తే పని అయిపోయింది.

ఇక చట్టం మనవైపు ఉండి, అవతలివాళ్లకు ఇష్టం లేకపోయినా కదిలించాల్సిన సందర్భాలు. బాల్యవివాహం ఆపడానికి వెళ్లినప్పుడు "మా పిల్ల, మా ఇష్టం" అని తలుపేసుకుంటారు. ఇక్కడ 'మీ నిర్ణయం మీదే' అనే మృదువైన మాట అబద్ధం అవుతుంది. 2006 బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం పద్దెనిమిది నిండని పిల్లకు పెళ్లి చేస్తే నేరం, అది బేరానికి రాదు. ఆస్ట్రేలియాలో కోర్టు పంపిన క్లయింట్ల మీద చాలాకాలం పనిచేసిన క్రిస్ ట్రాటర్ చెప్పేది ఇక్కడ బాగా పనికొస్తుంది: మన పాత్రేమిటో దాచకుండా చెప్పాలి. నేను సాయం చేయడానికి వచ్చాను, కానీ రిపోర్టు రాసే అధికారం కూడా నా చేతిలో ఉంది. ఏది మారదు, ఏది మాట్లాడుకోవచ్చు అన్నది మొదటి ఐదు నిమిషాల్లో చెప్పేయాలి. పెళ్లి తేదీ మాట్లాడుకునేది కాదు. ఇంటర్ కాలేజీ దూరమని, దారిలో భద్రత లేదని, ఎవరితోనైనా వెళ్లిపోతుందేమోనని ఉన్న భయం మాట్లాడుకోగలిగింది. హాస్టల్ సీటు మాట్లాడుకోగలిగింది. సాయమంటూ లోపలికి వెళ్లి, బయటికొచ్చి పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసే సోషల్ వర్కర్‌ని ఆ వీధి మళ్లీ నమ్మదు. ఫోన్ చేయాల్సి వస్తే, చేస్తున్నానని చెప్పే చేయాలి, పిల్లకు అందువల్ల ప్రమాదం లేనంతవరకు.

ఇదంతా చెప్పడం తేలిక. మధ్యాహ్నం లోపల ఇరవై కేసులు చూసి, ఫార్మాట్ నింపి, నెలాఖరుకి టార్గెట్ చూపించాల్సిన చోట ఒక మనిషి "సున్నా ఎందుకు కాదు?" అన్నదానికి జవాబు ఆలోచించే దాకా ఆగడానికి టైముండదు. పావుగంటలో సలహా ఇచ్చేయవచ్చు, మాట రాబట్టలేం. మాలో చాలామంది నిలదీయడానికి దిగేది స్వభావం వల్ల కాదు, గడియారం వల్ల. కాకపోతే ఆ పావుగంట నాలుగుసార్లు వృథా అయితే గంట పోయినట్టేనని ఆఫీసు లెక్కల్లో ఎక్కడా కనిపించదు.

ఒక్కటి మాత్రం ఖర్చు లేకుండా మార్చవచ్చు, రాత. 'సహకరించడం లేదు' అని ఒకరు రాస్తే, తర్వాత కుర్చీలోకి వచ్చినవాళ్లు అది చదివే ఆ మనిషిని చూస్తారు. మేస్త్రీ షీట్‌లో ఆ లైను కొట్టేసి, "బావమరిది ముందు మాట్లాడడు. ఇంటి రిజిస్ట్రేషన్ గురించి భయం ఉంది. చెయ్యి వణుకు గురించి తనే చెప్పాడు" అని రాశాను.

ఆయన ఆసుపత్రిలో పది రోజులున్నాడు. నెలన్నర బాగానే గడిచింది, తర్వాత ఒక స్లాబు పోసిన రోజు రాత్రి మళ్లీ తాగాడు. ఈసారి మాత్రం ఎవరూ లాక్కురాలేదు. సోమవారం పొద్దున్నే పనిబట్టల్లోనే వచ్చి, తలుపు దగ్గర నిలబడి, "మేడం, స్లాబు రోజున ఎట్లా ఉండాలో అది ఒక్కటి చెప్పండి" అన్నాడు. నాకూ తెలియదు. కూర్చోమని, స్లాబు పోసే రోజు ఎలా ఉంటుందో మొదటి నుంచి చెప్పమన్నాను.